మీటరు ఓనరుది, బిల్లు మనది

ప్రశ్న: మేం జీడిమెట్ల దగ్గర రెండు గదుల పోర్షన్‌లో ఉంటాం. మా ఆయన ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్‌లో మెషిన్ ఆపరేటర్. ఓటీ (ఓవర్‌టైం) కాకుండా చేతికి 17,000 వస్తుంది, రెండేళ్లుగా అంతే. ఓటీకి సింగిల్ రేటే. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. ఇంటి ఓనర్ తన మీటర్ కింద మా వాడకం కొలవడానికి సబ్‌మీటర్ పెట్టారు. యూనిట్‌కు ఎనిమిది రూపాయలు తీసుకునేవారు, ప్రభుత్వం పెంచిందని చెప్పి పది చేశారు. మామూలు నెలల్లో 160 యూనిట్లు అవుతాయి, ఎండాకాలం 200 దాటుతాయి. బిల్లు చెప్పిన రోజు ఇంట్లో గొడవే. అత్తయ్య కూలర్ వల్లే అని ఆయన, నా ఇస్త్రీపెట్టె వల్లే అని అత్తయ్య. జీతం పెంచమంటే సేటు "కరెంటు చార్జీలు మమ్మల్నే తినేస్తున్నాయి, మీకెక్కడ పెంచేది" అన్నాడట. ఎదురింటి టీచరుగారికైతే ధరలు పెరిగితే డీఏ (కరువు భత్యం) పెరుగుతుంది. రేషన్ కార్డు ఊళ్లో బావగారితో కలిపి ఉంది, దాని మీద ఊరి ఇంటికి జీరో బిల్లు వస్తోంది. గుంటూరులో అద్దెకుంటున్న మా అక్కకు విడి మీటరే, అయినా ట్రూ అప్ అంటూ ఏవేవో కలుస్తున్నాయట. ఎక్కడ తగ్గించుకోవాలో, ఎవర్ని అడగాలో తెలియట్లేదు.

సమాధానం:

అమ్మా, ముందు ఆ కూలర్ మీద గొడవ ఆపేయండి. కూలర్ 180 వాట్లు లాగుతుందనుకుందాం. రాత్రి ఎనిమిది గంటలు తిరిగితే నెలకు 43 యూనిట్లు, మీ ఓనర్ రేటున 430 రూపాయలు, అదీ ఎండలు మండే రెండు మూడు నెలలే. ఇస్త్రీపెట్టె వెయ్యి వాట్లదైతే గంటసేపు ఆపకుండా కాలితే ఒక యూనిట్, కానీ వేడెక్కాక అది తనే ఆగుతూ ఉంటుంది కాబట్టి అంత కూడా కాదు. మే నెలలో పెద్దావిడను కూలర్ లేకుండా పడుకోబెట్టి మిగిల్చిన డబ్బు ఒక్కసారి డాక్టరు దగ్గరికి వెళ్తే అయిపోతుంది. మీ ముగ్గురూ ఒకరినొకరు అనుకుంటున్నది ఆ నాలుగొందల కోసం. అంతకు రెండింతలు ప్రతి నెలా ఇంకో దారిన పోతోంది, దాని గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడట్లేదు.

160 యూనిట్లకు మీరు కడుతున్నది 1,600. అదే మీ పోర్షన్‌కు విడిగా మీటర్ ఉంటే? తెలంగాణలో నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి 100 యూనిట్లు 3 రూపాయల 40 పైసల చొప్పున, ఆ తర్వాతి 100 యూనిట్లు 4 రూపాయల 80 పైసల చొప్పున. అంటే 340, 288 కలిపి 628 రూపాయలు. ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, డ్యూటీ అని ఇంకొంత కలుస్తుంది, అయినా మీరిప్పుడు కడుతున్నదాంట్లో సగం కూడా కాదు. తొమ్మిది వందలు తేడా! ఏడాదికి పది వేలు దాటింది. మీ ఆయన సేటును అడగడానికి భయపడుతున్న ఇంక్రిమెంటు కూడా బహుశా అంతే ఉంటుంది.

"ప్రభుత్వం పెంచింది" అన్న మాట సంగతి చూద్దాం. తెలంగాణలో ఇళ్ల కరెంటు రేటు యూనిట్‌కు అర్ధరూపాయి దాకా పెరిగింది 2022 ఏప్రిల్‌లో. 2025-26 టారిఫ్‌లో కూడా ఇళ్ల యూనిట్ రేట్లు అవే. కాబట్టి ఎనిమిది కాస్తా పది ఎందుకైందో ఆయనే చెప్పాలి. దబాయించమని అనట్లేదు, అద్దె ఇంట్లో ఉంటూ ఆ పని ఎవరూ చేయలేరు. ఆయన ఇబ్బంది కూడా కొంత నిజమే ఉండొచ్చు. నాలుగు పోర్షన్లు కలిపి ఒకే మీటర్ మీద నడిస్తే నెలకు 600 యూనిట్లు అవుతాయనుకోండి. 200 దాటిందంటే లెక్కే మారిపోతుంది. మొదటి 200 యూనిట్లకే 5.10 చొప్పున వేస్తారు, ఆ పైన 7.70, ఆ పైన 9, నాలుగొందలు దాటితే 9.50. అలా 600 యూనిట్లకు 4,590 అవుతుంది, సగటున యూనిట్‌కు 7.65. బోరు మోటారు, మెట్ల లైట్లు కలిపి ఎనిమిది తీసుకున్నారంటే సరే అనుకోవచ్చు. పది అంటే మాత్రం మీ బిల్లులో ఆయన బిల్లు కూడా ఉన్నట్టే.

అవే 600 యూనిట్లు నాలుగు మీటర్ల మీద 150 చొప్పున పడితే ఒక్కో మీటర్‌కు 580, నాలుగింటికీ కలిపి 2,320. ఒకే ఇల్లు, అవే ఫ్యాన్లు, బిల్లు సగానికి సగం. ఇది కాగితం మీద వేసి ఓనర్‌కు చూపించండి, ఆయన సొంత పోర్షన్ బిల్లు ఎంత తగ్గుతుందో ముందు చెప్పి, మీ సంగతి తర్వాత చెప్పండి. విడి వంటిల్లు, విడి గుమ్మం ఉన్న పోర్షన్‌కు ఇంకో కనెక్షన్ అడగొచ్చు, దరఖాస్తు మాత్రం ఓనర్ చేతే పెట్టించండి. మీటర్ తన పేరు మీదే ఉంటుంది కాబట్టి అద్దెకున్నవాళ్లు ఇంటి మీద హక్కు అడుగుతారేమో అన్న భయం అక్కర్లేదు. చాలామంది ఓనర్లు వెనకాడేది అందుకే, పైకి చెప్పరంతే. కనెక్షన్ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న మాట దగ్గరే బేరం ఆగిపోతుంది. సగం మేం పెట్టుకుంటామనండి, కొన్ని నెలల్లోనే తిరిగొచ్చేస్తుంది. పక్క పోర్షన్ల వాళ్లతో కలిసి అడిగితే ఇంకా మంచిది.

విడి మీటర్ వచ్చిందనుకోండి, అప్పుడు మాత్రం కూలర్ లెక్క నిజంగానే చూసుకోవాలి. ఎందుకంటే 200 యూనిట్లకు 820 అయితే 201 యూనిట్లకు 1,027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్‌కు రెండొందలు పైమాటే. గృహజ్యోతి జీరో బిల్లు ఉన్నవాళ్లకైతే ఇంకా ఘోరం, 200 వరకు సున్నా, ఒక్కటి ఎక్కువైతే ఆ నెల మొత్తం కట్టాల్సిందే. మీ మామూలు 160కి కూలర్ 43 కలిపి చూడండి, సరిగ్గా 203. ఆ మూడు యూనిట్ల కోసం అత్తయ్యను ఇబ్బంది పెట్టకుండా ఎక్కువసేపు తిరిగే ఫ్యాన్ ఒక్కటి మార్చండి. పాత ఫ్యాన్ 75 వాట్లది, రోజుకు పదహారు గంటలు తిరిగితే నెలకు 36 యూనిట్లు. బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది, 14 యూనిట్ల చిల్లర. మూడు వేల లోపు వస్తుంది. ఎండాకాలం మొదలుకాక ముందే కొనండి. అలాగే రీడింగ్ తీసిన తేదీ గోడ మీద క్యాలెండర్‌లో రాసుకుని, ఇరవై రోజులు గడిచాక మీటర్ ఒకసారి చూసుకుంటే నెలాఖరులో ఉలిక్కిపడక్కర్లేదు.

జీరో బిల్లు అద్దెకున్నవాళ్లకు రాదని ఎవరో చెప్పి ఉంటారు. తప్పు. విడి మీటర్, రేషన్ కార్డు ఉంటే అద్దెకున్నా వర్తిస్తుంది. మీ చిక్కు వేరే, ఒక కార్డు మీద ఒక్క కనెక్షనే. ఊరి ఇంటికి వస్తున్నదాన్ని ఇక్కడికి మార్చమంటే బావగారితో తగువు. మీ పేర్లు ఆ కార్డులోంచి తీయించుకుని విడిగా కార్డుకు మీసేవలో దరఖాస్తు పెట్టుకోండి, 2025లో తెలంగాణ కొత్త కార్డులు ఇవ్వడం మొదలుపెట్టింది. 500 రూపాయల గ్యాస్ సిలిండర్‌కు కూడా అదే కార్డు కావాలి. దాంట్లో ముందు పూర్తి ధర మీరే కట్టాలి, మిగతా డబ్బు తర్వాత ఖాతాలో పడుతుంది, అది గుర్తుంచుకోండి. సిలిండర్ మీద హైదరాబాద్‌లో మనం చూసిన ఎగుడుదిగుళ్లు తక్కువేం కాదు. 2020 నవంబరులో 650 లోపు, 2023 మార్చిలో 1,155, తర్వాత రెండుసార్లు తగ్గించి 855, 2025 ఏప్రిల్‌లో మళ్లీ 905. మన దేశం వాడే ఎల్పీజీలో సగానికి పైగా బయటి నుంచి కొనేదే, అక్కడ ధర మారితే ఇక్కడ వంటింట్లో తెలుస్తుంది. ఆ లెక్కన జీతాలు ఎవరికి మారాయి?

అసలు విషయం జీతమే. టీచరుగారి డీఏ చూసి మీకు కడుపు మండటం సహజం (ఆ డీఏలు నెలల తరబడి బకాయి పడుతున్నాయని వాళ్ల గోల వాళ్లకుందిలెండి). నేను చాలా కాలం ఫ్యాక్టరీలో జీతాల లెక్కలు రాసినవాణ్ణి, అందుకే ఆ డీఏ ఎలా కడతారో చెబుతాను వినండి. కేంద్ర లేబర్ బ్యూరో ప్రతి నెలా కార్మికుల ధరల సూచీ వేస్తుంది. దాని మీదే డీఏ. కనీస వేతనాలు వర్తించే కార్మికులకు కూడా అదే సూచీ మీద ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లో, అక్టోబరులో, కరువు భత్యం పెరగాలి. జీతం చీటీలో వీడీఏ అని రాసేది అదే. మీ ఆయన చీటీలో ఆ గడి ఉందా? అసలు చీటీ ఇస్తున్నారా? ఇవ్వకపోతే మొదట అడగాల్సింది దాన్నే.

చిక్కెక్కడంటే, కనీస వేతనం కంటే కాస్త ఎక్కువ ఇస్తున్న చోట "మేం ఇచ్చేదాంట్లోనే అన్నీ కలిశాయి" అంటారు, చట్టం అక్కడితో ఆగిపోతుంది. ఇంకో చిక్కు, ఆ సూచీలో కరెంటు, గ్యాస్, వంటచెరకు లాంటి ఇంధన ఖర్చులన్నిటికీ కలిపి ఇచ్చిన వాటా 5.5 శాతం. మీ ఇంట్లో చూడండి. కరెంటు 1,600, సిలిండర్ నెలన్నర వస్తుందనుకుంటే నెలకు 600, మొత్తం 2,200. పదిహేడు వేలలో 13 శాతం దగ్గర. ఇంధనం ధరలు 20 శాతం పెరిగితే సూచీ ఒక శాతం పైచిలుకు కదులుతుంది, అంటే మీ జీతం మీద 187 రూపాయలు. మీ ఖర్చు పెరిగేది 440. డీఏ వచ్చినా తేడా మీ మీదే పడుతుంది, మీకు ఆ 187 కూడా రావట్లేదు. జీతం తక్కువ ఉన్న ఇంటికి ఈ పెరుగుదల ఎక్కువ తగిలేది ఇందుకే. లక్ష తెచ్చుకునేవాళ్ల ఇంట్లోనూ అన్నం అదే సిలిండర్ మీద ఉడుకుతుంది.

సేటు మాట పూర్తిగా అబద్ధమని నేననను. మౌల్డింగ్ మెషిన్లు కరెంటు బాగా తాగుతాయి, హీటర్లు, మోటార్లు రోజంతా నడుస్తాయి, 2022లో పరిశ్రమలకు యూనిట్‌కు రూపాయి పెరిగింది కూడా. ప్లాస్టిక్ దానా ధర ముడిచమురును బట్టి ఊగుతుంది. కానీ 2022 తర్వాత ఆయన సరుకు రేటు పార్టీలకు పెంచలేదా? పెంచి ఉంటే కరెంటు భారం అప్పుడే అటు దాటిపోయింది. మీ ఇంటి ఓనర్ పెరిగిన బిల్లు మీ మీద వేశాడు, ఫ్యాక్టరీ ఓనర్ కొనేవాళ్ల మీద కొంత, జీతాలు ఆపి మీ మీద కొంత వేశాడు. మీకు మాత్రం వేయడానికి ఎవరూ లేరు. ఇద్దరూ ఒకే మాట చెప్పారు చూశారా, కరెంటు పెరిగింది అని. ఈ మాట విన్నప్పుడల్లా ఎప్పుడు పెరిగింది, ఎంత పెరిగింది, అందులో మా వాటా ఎంత అని అడగడం అలవాటు చేసుకోవాలి.

మీ ఆయన "ఇల్లు గడవట్లేదు సార్" అని మళ్లీ అడగొద్దు. ఆ మాట సేటు రోజూ వింటాడు, మనసు కరిగితే ఐదొందలు అడ్వాన్స్ ఇచ్చి పంపిస్తాడు, అది మళ్లీ జీతంలో కోత. ఓటీ నుంచి మొదలుపెట్టమనండి. 17,000ను 26 రోజులకు, రోజుకు ఎనిమిది గంటలకు వేస్తే గంటకు దాదాపు 82 రూపాయలు. ఓటీకి చట్టం ప్రకారం రెట్టింపు ఇవ్వాలి, అంటే 164. వారానికి రెండు రోజులు నాలుగేసి గంటలు ఓటీ ఉందనుకున్నా నెలకు 32 గంటలు, ఆయనకు రావాల్సి రాకుండా పోతున్నది 2,600 పైనే. ఇది దయ అడగడం కాదు, చేసిన పనికి డబ్బు. ఒక్కడే వెళ్తే ఆ మర్నాడు మెషిన్ మీద ఇంకొకడుంటాడన్న భయం నిజమైనదే, అందుకే అదే షిఫ్టులో పాతకాపులు ఇద్దరు ముగ్గురితో కలిసి వెళ్లాలి, ఆర్డర్లు గట్టిగా ఉన్న నెల చూసుకుని వెళ్లాలి. పని తెలిసిన ఆపరేటర్ మానేస్తే కొత్తవాడు చేయి తిరిగేలోపు ఎన్ని పీసులు రిజెక్ట్ అవుతాయో సేటుకు బాగా తెలుసు. రెట్టింపు ఒక్కసారే కాకపోతే ఒకటిన్నర దగ్గర మొదలైనా ఒప్పుకుని, మిగతాది ఎప్పటి నుంచో రాయించుకోండి. పీఎఫ్, ఈఎస్‌ఐ కడుతున్నారో లేదో కూడా చూడండి. నెల జీతం 21,000 దాటనివాళ్లకు ఈఎస్‌ఐ ఉండాలి, పెద్దావిడ ఆయన మీద ఆధారపడి ఉంటే ఆవిడకూ వైద్యం అందులో వస్తుంది. ఏదీ కుదరకపోతే లేబర్ ఆఫీసు ఉండనే ఉంది, కానీ ఆ గడప తొక్కే ముందు చేతిలో హాజరు లెక్క, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ ఉండాలి. ఇవాళ్టి నుంచి ఓటీ గంటలు ఒక నోట్‌బుక్‌లో రాయమనండి.

మీ సంగతి ఒకటి మిగిలింది. బ్లౌజు కుట్టుకూలి ఎప్పుడు పెంచారు? రాయలేదంటే పెంచలేదనే అనుకుంటున్నాను. మెషిన్ మోటారు, ఇస్త్రీ కలిపి ఒక బ్లౌజుకు మూడు నాలుగు రూపాయల కరెంటు కంటే ఎక్కువ పట్టదు, అందుకని కరెంటు పేరు చెప్పి పెంచక్కర్లేదు. మీ చేతి పనికి ధర పెంచండి. పాత కస్టమర్లకు చెప్పి పండగ ముందు నుంచి ముప్పై, నలభై పెంచితే ఒకరిద్దరు ముఖం మాడ్చుకుంటారు, ఫిటింగ్ కుదిరిన టైలర్‌ను ముప్పై రూపాయలకు వదులుకునేవాళ్లు తక్కువ. సేటు పెంచలేదని బాధపడుతున్న ఇంట్లో మీ కూలి మీరే ఆపుకుని కూర్చోవడం బాగోలేదు.

ఇక గుంటూరు అక్క బిల్లు. ఆంధ్రప్రదేశ్‌లో స్లాబుల లెక్క వేరు. అక్కడ ఏ స్లాబులో పడిన యూనిట్లకు ఆ రేటే, పై స్లాబులోకి వెళ్లినంత మాత్రాన కింది యూనిట్ల రేటు మారదు. 2022 ఏప్రిల్ నుంచి ఉన్న రేట్లతో 200 యూనిట్లకు 867 అవుతుంది, 201కి 873. మన దగ్గరలా అంచు దగ్గర దబ్బున పడిపోవడం లేదు. వాళ్ల బాధ బిల్లు కింద వేరేగా కలిసే లైన్లతో. విద్యుత్ సంస్థలు అనుకున్న ధర కంటే ఎక్కువ పెట్టి కరెంటు కొంటే ఆ తేడాను తర్వాత జనం దగ్గర వసూలు చేసుకోవడమే ఈ ట్రూ అప్ అంతా. 2022లో బొగ్గుకు కొరత వచ్చింది, దిగుమతి బొగ్గు ధరలు బాగా పెరిగాయి. ఆ డిసెంబరులో కేంద్రం నిబంధనలు మార్చి ఇంధనం తేడాను నెలనెలా వేసుకునే వీలు ఇచ్చింది, ఆంధ్రలో యూనిట్‌కు 40 పైసల దాకా అలా పడింది. అది కాక 2022-23 తేడా కింద 6,072 కోట్ల రూపాయలు వసూలు చేసుకోవడానికి ఏపీ విద్యుత్ నియంత్రణ మండలి ఒప్పుకుంది, 2024 డిసెంబరు నుంచి బిల్లుల్లో కలపడం మొదలైంది.

ఇందులో అద్దెకున్నవాళ్లకు తగిలే దెబ్బ ఒకటుంది. ఆ పాత తేడాను అప్పట్లో ఆ మీటర్ మీద వాడిన యూనిట్లను బట్టి వేస్తారు. అక్క ఆ ఇంట్లోకి నిరుడు దిగి ఉంటే, కొన్నేళ్ల కిందట అదే ఇంట్లో ఏసీ వేసుకుని పడుకున్నవాళ్ల బాకీ ఇప్పుడు అక్క కడుతున్నట్టు. బిల్లులో ఆ లైన్ ఏ నెల వాడకానికో చూసుకుని, తను దిగక ముందుదైతే ఆ మొత్తం అద్దెలో తగ్గించమని ఓనర్‌ను అడగమనండి. విద్యుత్ ఆఫీసులో అడిగి లాభం లేదు, వాళ్లకు మీటర్ నంబరే తెలుసు, అందులో ఎవరున్నారో అక్కర్లేదు. ఓనర్ కాదంటే ఈసారి ఇల్లు మారేటప్పుడు అడ్వాన్స్ చేతిలో పెట్టే ముందే ఆ మీటర్ పాత బిల్లులు ఒక ఏడాదివి చూపించమని అడగాలి. మీరు విడి మీటర్ ఉన్న ఇల్లు వెతుక్కున్నా అదే చేయండి.